కెమెరా ఎక్కడ నిలబడింది?

2021లో ఇద్దరు అక్కచెల్లెళ్ళ గొంతులు తెలుగునాట మోతమోగిపోయాయి. ఫిబ్రవరి నెలాఖరున అక్క మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ వచ్చింది. డిసెంబరులో చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ పాడిన ‘ఊ అంటావా’ వచ్చింది. కళ్ళు మూసుకుని వింటే రెండింట్లోనూ వినబడేది ఎవరికీ తలవంచని ఆడపిల్లే. కళ్ళు తెరిస్తే తేడా తెలుస్తుంది.

‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’కి సాయిపల్లవి ఆడుతుంటే కెమెరా చాలాసేపు దూరంగానే ఉంటుంది. పాదం, నడుం, చెయ్యి, ముఖం ఒక్క ఫ్రేములో కనబడతాయి. ఒక మనిషి ఆడుతోందని తెలుస్తుంది. ‘పుష్ప’లోని ‘ఊ అంటావా’కి చంద్రబోస్ రాసిన మాట నిజానికి ఇంకా పదునైనది. ఆడది ఏం కట్టినా, ఏ రంగున ఉన్నా, లోపం చూసేవాడిలోనే ఉందని మగాళ్ళ మధ్య నిలబడి చెప్పే పాట అది. మాట ఆమె పక్షాన ఉంది. కెమెరా మాత్రం ఆ మగాళ్ళ గుంపులోనే కూర్చుంది. తొడ దగ్గర ఆగుతుంది, నడుం మీదికి పాకుతుంది. పాట ఏ చూపును దులిపేస్తోందో, అదే చూపును మన కళ్ళకి అరువిస్తుంది. ఆ పాటకి ఆడిన సమంత ధీమాని నేను కాదనడం లేదు. ఆ ధీమా మన దాకా ముక్కలుగా వస్తోందనే నా బాధ.

లారా మల్వీ అనే బ్రిటిష్ సినీ విమర్శకురాలు 1975లోనే ఈ పని ఎలా జరుగుతుందో విప్పి చెప్పింది. తెరమీది మగవాడు ఆమెను చూస్తాడు, కెమెరా అతని వెంట చూస్తుంది, హాల్లో కూర్చున్న మనం కెమెరా వెంట చూస్తాం. మూడు చూపులూ ఒక్కటైపోతాయి. ఆడవాళ్ళమైనా సరే, ఆ సీట్లో కూర్చున్నాక మనకి దొరికేది ఆ కళ్ళే.

ఒకప్పుడు ఈ చూపు కోసం జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత వేరుగా ఉండేవారు. నాయిక పమిట జారేది కాదు. తర్వాత రెండు పనులూ నాయికే చెయ్యాల్సి వచ్చింది. బొడ్డు మీద పూలూ పళ్ళూ రాలడం మనకి ముచ్చటగా అలవాటైపోయింది. తన మీద కొబ్బరికాయ వేస్తే అందులో శృంగారం ఏముందో అర్థం కాలేదని 2017లో నటి తాప్సీ అంటే దుమారం రేగింది. క్షమాపణ చెప్పుకోవలసింది ఆమే అయింది.

ఐటెం సాంగ్ ఒక్కదాన్నే బోనులో నిలబెడితే సరిపోదు. ‘సామజవరగమన’ ఇంటిల్లిపాదీ ప్రేమించిన పాట. నేనూ ప్రేమించాను. తమన్ బాణీ, సిద్ శ్రీరామ్ గొంతు జోలపాటలా ఉంటాయి. పల్లవి మాత్రం ఆమె కాళ్ళ మీంచి కదలని చూపు గురించే. ఆ పాట ఉన్న సినిమాలో నాయకుడు ఆఫీసులో చేసే పని కూడా అదే. అదే చూపు మన వీధిలో పడితే పోలీసు కంప్లయింటు ఇస్తాం.

2025లో ‘దబిడి దిబిడి’, ‘అదిదా సర్‌ప్రైజు’ స్టెప్పుల మీద గొడవయ్యాక, ఆ మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్య నృత్యాలు వద్దని సినిమావాళ్ళను హెచ్చరించింది. మంచిదే. కానీ ఆ రెండు పాటలకీ, ‘సారంగ దరియా’కీ నృత్యం కూర్చింది ఒక్కరే, శేఖర్ మాస్టర్. చేతకాక కాదన్నమాట, మరోలా అడిగారు గనక. స్టెప్పు తీసేసినా కెమెరా అక్కడే నిలబడితే ఒరిగేదేమీ లేదు. పైగా థియేటరుకెళ్ళే సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ ఉంటుంది, పాట అంతకు ముందే యూట్యూబులో ఫోన్లోకి దిగిపోతుంది.

‘నాటు నాటు’ గుర్తుంది కదా. ఇద్దరు మగాళ్ళు ఒళ్ళు హూనమయ్యేలా ఆడుతుంటే కాళ్ళూ ముఖాలూ చెమటా అన్నీ చూపించారు. వాళ్ళ శ్రమ కనబడింది. 2023 మార్చిలో ఆ పాట ఆస్కార్ తెచ్చింది. అంత శ్రమా పడే ఆడపిల్లకి ఆ ఫ్రేము ఎందుకివ్వరు?

మొన్న బంధువుల పెళ్ళి సంగీత్‌లో ఎనిమిదేళ్ళ పాప ఇలాంటి పాటకే ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న వాళ్ళమ్మ వైపు చూడలేదు. ఫోను ఎవరి చేతిలో ఉందో వెతుక్కుంది. అది కనబడ్డాకే నడుం మీద చెయ్యి వేసుకుంది.