జ్వరం ఎరుగని వూళ్ళకే పెద్దగండం!

మలేరియా అనగానే మనకు అడవులూ, మన్యాలూ గుర్తుకు వస్తాయి. జ్వరాలు ఎక్కువగా వున్నచోటనే చావులూ ఎక్కువ అనుకుంటాం. మొత్తం మీద అది నిజమే. కాని మలేరియా ఎప్పుడో గాని తొంగిచూడని వూళ్ళలో అది సోకితే, ఆ రోగికి ప్రాణగండం మరీ ఎక్కువ. ఈ చిత్రమైన సంగతికి మన పొరుగున వున్న శ్రీలంకే సాక్ష్యం.

ఆ ద్వీపంలో ఉత్తరాన, తూర్పున వానలు తక్కువ. అక్కడ మలేరియా తరతరాలుగా కాపురం వుండేది. నైరుతి దిక్కున వానలు సమృద్ధి. నదులు నిండుగా పారేవి. మలేరియాను మోసే దోమ పిల్లలకు పరవళ్ళు తొక్కే నీరు పనికిరాదు, నిలవనీటి మడుగులు కావాలి. అందుచేత నైరుతి ప్రజలకు ఈ జ్వరంతో పరిచయం తక్కువ.

1934లో వానలు మొహం చాటేశాయి. మహా ఓయ, కెలనీ గంగ వంటి నదులు ఇంకిపోయి, ఇసుకలో గుంటలు మిగిలాయి. దోమకు కావలసింది అదే! ఆ ఏడాది చివర జ్వరం రాజుకున్నది. 1935 ముగిసేసరికి సుమారు 80 వేలమంది కన్నుమూశారు. పంటలు పోయి, తిండిలేక చిక్కిన జనం మరీ తట్టుకోలేకపోయారు. కేగల్ల ప్రాంతంలో పప్పు పంచిపెట్టిన ఎన్.ఎం. పెరీరాకు ‘పప్పు దొర’ అన్న అర్థం వచ్చే పేరే నిలిచిపోయింది. నిత్యం మలేరియాతో బతికే మెట్టప్రాంతం మాత్రం ఆ దెబ్బను చాలావరకు కాచుకున్నది.

అలవాటు పడని ఒళ్ళు

కారణం ఏమిటి? మలేరియా విస్తారంగా వున్నచోట పసిపిల్లలే ఎక్కువగా బలి అవుతారు. గండం గడిచిన బిడ్డకు, మళ్ళీ మళ్ళీ జ్వరం సోకగా, కొంత తట్టుకునే శక్తి అబ్బుతుంది. పెద్దయ్యాక పరాన్నజీవి రక్తంలో వున్నా ఒక్కొక్కప్పుడు జ్వరమే రాదు. జ్వరం అరుదైన చోట ఈ రక్షణ ఎవరికీ వుండదు. పసివాడూ, పాతికేళ్ళ పడుచువాడూ ఒక్కటే. సంపాదించిన రక్షణ అయినా శాశ్వతం కాదు. కొన్నేళ్ళు దూరంగా వుంటే తరిగిపోతుంది.

మలేరియాలలో ఫాల్సిపారం రకం మహా క్రూరమైనది. అది చేరిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని దారి మూసివేస్తాయి. మెదడులో అలా జరిగితే మనిషికి స్పృహ తప్పుతుంది. మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. ఇదంతా కొద్దిరోజులలోనే జరగవచ్చు.

మరపు అనే రెండో శత్రువు

శ్రీలంకలో 1963 నాటికి ఏడాదికి 17 కేసులే మిగిలాయి. జాగ్రత్త సడలింది. 1968-69లో లక్షలమంది మళ్ళీ మంచం పట్టారు. తిరిగి పట్టుదలతో పోరాడగా, 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

జ్వరం తగ్గినచోట మనుషులు దాన్ని మరచిపోతారు. ‘ఏదో పడిశం జ్వరం’ అని రెండు మాత్రలు మింగి వూరుకుంటారు. వైద్యునికైనా చటుక్కున స్ఫురించకపోవచ్చు. ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది.

మందు లేక కాదు. ఇండియా, బంగ్లాదేశ్, బర్మా, ఇండోనీషియాలలో జరిపి, 2005లో వెల్లడించిన పరిశోధనలో, తీవ్రమైన మలేరియాకు క్వినైన్ పుచ్చుకున్నవారిలో నూటికి 22 మంది చనిపోగా, ఆర్టిసునేట్ ఇంజక్షన్ పుచ్చుకున్నవారిలో 15 మందే చనిపోయారు. కాని ఆ మందు వేళకు అందాలి.

కనుక పాడేరు, అరకు మన్యాలకో, ఆఫ్రికా దేశాలకో వెళ్ళివచ్చిన మైదానపు మనిషికి జ్వరం తగిలితే, ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి. ఆనాడే రక్తపరీక్ష చేయించాలి. మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. మన వూళ్ళో మలేరియా లేదన్న ధీమా మంచిదే. రక్తపరీక్ష మానడానికి మాత్రం అది సాకు కారాదు.