ఉత్తరించు స్థలం అంటే మినీ నరకమా?

నవంబర్ 2న కథోలికులు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు కదా. "చనిపోయాక ఇంకా ప్రార్థన ఎందుకు బ్రో?" అని నన్ను చాలామంది అడిగారు.

చూడండి, ఉత్తరించు స్థలం రెండో ఛాన్స్ కాదు. అక్కడున్న ఆత్మకి పరలోకం ఆల్రెడీ ఖాయం. నా కోడింగ్ భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ అయింది, అది పాడుచేసిన డేటా ఇంకా క్లీన్ అవ్వాలి. క్షమాపణ దొరికింది, శుద్ధి మిగిలింది. 1563లో ట్రెంట్ మహాసభ చెప్పింది కూడా ఇంతే: శుద్ధి ఉంది, మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యబలిపూజ, ఆ ఆత్మలకి సాయపడతాయి. ఎన్నేళ్లు అనే లెక్క అందులో లేదు.

మరి బైబిల్లో ఉందా? మక్కబీయుల రెండో గ్రంథం, 12వ అధ్యాయం. యుద్ధంలో చనిపోయిన తన సైనికుల పాపం కోసం యూదా చందా పోగుచేసి, బలి అర్పించమని యెరూషలేముకు పంపిస్తాడు. ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఆ గ్రంథం లేదు. అందుకే ఒకే సమాధి దగ్గర అన్న ప్రార్థిస్తుంటే, పెళ్లయ్యాక వేరే చర్చికి వెళ్తున్న చెల్లి ఊరికే నిలబడుతుంది.