బొమ్మ విమానమే.. అయినా భద్రం!

దుబాయ్, దోహా, రియాద్.. ఏ ఊరి బజారులోనైనా అద్దాల వెనక రిమోట్ విమానం కనిపిస్తే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఊళ్లో ఉన్న పిల్లాడి కోసమని పైకి చెప్పినా, సగం ముచ్చట కొన్నవారిదే! డబ్బా విప్పగానే క్యాంపు వెనక ఖాళీ జాగాలో ఓసారి ఎగరేద్దామనిపిస్తుంది. అక్కడే కాస్త ఆగండి. విమానం బొమ్మే గానీ.. దాని బ్యాటరీ, ప్రొపెల్లర్ బొమ్మలు కావు. పైగా మనం ఉంటున్నది పరాయి దేశం.

ముందు చట్టం సంగతి. 2022 జనవరిలో అబుదాబిపై డ్రోన్ల దాడి జరిగింది. ఆ నెలలోనే యూఏఈ సరదాకు ఎగరేసే డ్రోన్లను, తేలికపాటి క్రీడా విమానాలను నిషేధించింది. 2025 జనవరిలో రిజిస్ట్రేషన్, అనుమతుల షరతులతో దశలవారీగా సడలింపు మొదలుపెట్టింది. ఇలాంటి రూల్స్ ఎప్పుడు మారతాయో చెప్పలేం. ‘నిరుడు మావాడు ఎగరేశాడు’ అంటే పోలీసులు వినరు. మీరున్న దేశపు పౌర విమానయాన శాఖ రూల్స్ కనుక్కోండి. అనుమతి ఉన్న ఏరోమోడలింగ్ క్లబ్బు దగ్గర్లో ఉంటే అంతకు మించింది లేదు. విమానాశ్రయం, రిఫైనరీ, మిలటరీ స్థావరాల వైపు అసలు వెళ్లొద్దు. కెమెరా బిగించొద్దు. జరిమానాతో పోతే సరే.. వీసా మీదికి వస్తే ఇంటిల్లిపాదికీ కష్టం.

బంకు బెడ్డు కింద చార్జింగా?

ఈ విమానాల్లో వాడేది లిపో బ్యాటరీ. ఫోను బ్యాటరీకి చుట్టమే గానీ కోపం ఎక్కువ. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. అంతకు మించి ఎక్కిస్తే మండుతుంది, 3 వోల్టుల కిందికి దించితే పాడవుతుంది. అందుకే లిపో కోసమే చేసిన బ్యాలెన్స్ చార్జర్ వాడాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లు చాలు. తొందరపడి పెంచొద్దు.

ఆరేడుగురు పడుకునే గదిలో, పరుపు మీద పెట్టి నిద్రపోవడమంత ప్రమాదం ఇంకోటి లేదు. బయట సిమెంటు గచ్చు మీద పెట్టి, అయ్యేదాకా పక్కనే ఉండండి. ఓ బకెట్ ఇసుక దగ్గరుంచుకోండి. మన దగ్గర ఇసుకకేం కొదవ! పొగ మొదలైతే బ్యాటరీని పట్టుకోబోకండి, అందర్నీ దూరంగా పంపండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. వేసవిలో ఆగి ఉన్న బండిలో వదిలేయొద్దు. వారం పైగా వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

నేల మీదే సగం పని

బిగింపు అంతా అయ్యాక రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి విమానాన్ని ఎత్తి చూడండి. రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో పావు, మూడో వంతు మధ్య ఎక్కడో అది తూగాలి. కచ్చితమైన గుర్తు డబ్బాలోని పుస్తకంలో ఉంటుంది. ముక్కు కాస్త బరువైనా సర్దుకోవచ్చు, తోక బరువైతే నేలకూలడమే. బ్యాటరీని ముందుకో వెనక్కో జరిపితే చాలావరకు సరిపోతుంది.

ఇక రిమోట్. థ్రాటిల్ సున్నాలో పెట్టి రిమోటే ముందు ఆన్ చేయాలి, ఆఖర్న ఆఫ్ చేయాలి. ఈ వరుస తప్పితే మోటారు ఉన్నట్టుండి తిరగొచ్చు. అందుకే గదిలో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీయండి. అది వేళ్లు కోసేయగలదు. స్టిక్ కుడికి నెడితే కుడి రెక్క మీది పలక పైకి లేవాలి. వెనక్కి లాగితే తోక పలక పైకి లేవాలి. తిరగబడితే గాల్లో సర్దుకునే టైం ఉండదు.

పతంగిలాగే విమానమూ ఎదురుగాలిలోనే లేస్తుంది. గాలి నెమ్మదిగా ఉండే పొద్దుటి పూట మంచిది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి జోరందుకుంటుంది. మనుషులు, బండ్లు, కరెంటు తీగలు లేని చోటు చూసుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్లను మీ వెనకే నిలబెట్టండి. తొలిసారి ఫోన్లో ఐదు నిమిషాల అలారం పెట్టి, మోగగానే దించేయండి. విమానం మీ వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారై బుర్ర తిరుగుతుంది. అప్పుడు ఏ రెక్క వాలితే స్టిక్ అటే నెట్టండి, నిలబడుతుంది.

ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు ఓ మాట. విడి లిపో బ్యాటరీలు చెక్‌ఇన్ లగేజీలో పెట్టకూడదు. కొసలకు టేపు చుట్టి హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 11.1 వోల్టుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ 25 లోపే కాబట్టి బెంగ లేదు. అయినా టికెట్ కొన్నప్పుడే ఓసారి అడగండి. డ్రోను కొనే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. విదేశీ డ్రోన్ల దిగుమతిని భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. శంషాబాద్‌లో కస్టమ్స్‌వాళ్లు పక్కన పెడితే పిల్లాడికి ఏం చెబుతారు? విమానం బిల్లు కూడా జేబులోనే ఉంచుకోండి.