కారు అమ్మి టోర్నమెంట్లు ఆడింది!

మొన్న దసరాకి గద్వాల పోయినప్పుడు మా అక్క కూతురు ఫోన్లో ఓ వీడియో చూపించింది. పిల్ల వనపర్తిలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. వీడియోలో ఒకమ్మాయి తనంతే ఉన్న ఇంకో అమ్మాయిని భుజం మీదుగా తిప్పి దబ్బున వేసింది. "మామా, నేను గూడ జూడో నేర్చుకుంట" అంది. వంటింట్లోంచి మా అక్క గొంతు: "చెయ్యి ఇరిగితే నిన్నెవరు జేస్కుంటరే?"

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ని. జూడో అంటే కరాటేకి తమ్ముడనుకునేవాణ్ని. వీడియోలో ఉన్నది సుశీలా దేవి లిక్మాబమ్ అని తెలిశాక, ఆ రాత్రంతా ఆమె గురించే చదువుతూ కూర్చున్నా.

సుశీలది మణిపూర్‌లోని ఇంఫాల్ తూర్పు జిల్లా. 1995లో పుట్టింది. ఇంట్లోనే జూడో ఆడేవాళ్లుండటంతో చిన్నప్పుడే మ్యాట్ ఎక్కింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 48 కిలోల విభాగంలో ఫైనల్‌కి చేరి, స్కాట్లాండ్ అమ్మాయి కింబర్లీ రెనిక్స్ చేతిలో ఓడి వెండి పతకం తెచ్చింది. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఇక తిరుగులేదనుకుంటాం కదా? 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో అసలు జూడోనే లేదు. అదే ఏడాది తొడ కండరం గాయంతో ఏషియన్ గేమ్స్ కూడా పోయాయి. మనిషి బాగా కుంగిపోయింది.

ఇక్కడ మనలాంటోళ్లకి అర్థం కావాల్సిన లెక్క ఒకటుంది. ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే దేశంలో గెలిస్తే చాలదు. దేశదేశాలు తిరిగి టోర్నీలాడి ర్యాంకింగ్ పాయింట్లు పోగెయ్యాలి. విమాన టికెట్లు, హోటల్, వీసా... స్పాన్సర్ లేకపోతే ఆ ఖర్చు ఎక్కడిది? సుశీల తన కారు అమ్మేసింది. ఈఎంఐ మీద కారు కొని, ఆఫీస్ పార్కింగ్‌లో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకున్న నాకు ఆ లైన్ దగ్గర కాసేపు ఫోన్ పక్కన పెట్టాలనిపించింది.

అంత చేసినా, 2021 ఏప్రిల్‌లో కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్‌లో క్వాలిఫయర్‌కి వెళ్తే జట్టులో ఇద్దరికి కోవిడ్ పాజిటివ్. మొత్తం జట్టే ఆడకుండా వెనక్కి. చివరికి పోగేసుకున్న ఆ పాయింట్లే ఆదుకున్నాయి. ఆసియా కోటాలో టోక్యో బెర్తు దక్కింది. ఆ ఒలింపిక్స్‌లో జూడోకి మన దేశం నుంచి వెళ్లింది ఆమె ఒక్కతే.

తొలి బౌట్‌లోనే ఎదురుగా హంగరీకి చెందిన ఎవా చెర్నోవిజ్కి, లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత. నాలుగు నిమిషాల బౌట్ పూర్తికాకముందే సుశీల ఓడింది. జూడోలో ఇదే కష్టం. ప్రత్యర్థిని బలంగా, వేగంగా, అదుపుతో వెల్లకిలా పడేస్తే 'ఇప్పన్', ఆట అక్కడితో సరి. ఏళ్ల కష్టం ఒక్క పట్టులో పోతుంది.

ఏడాది తిరిగేసరికి, 2022 బర్మింగ్‌హామ్‌లో మళ్లీ ఫైనల్. దక్షిణాఫ్రికా క్రీడాకారిణి మైకేలా వైట్‌బూయితో పోరు గోల్డెన్ స్కోర్ దాకా సాగి, మళ్లీ వెండే వచ్చింది. ఎనిమిదేళ్ల తేడాతో రెండు వెండి పతకాలు. మధ్యలో ఏం జరిగిందో తెలిశాక, రెండోదే నాకు బరువుగా కనిపిస్తుంది.

పొద్దున్నే ఇదంతా అక్కకి చెప్పా. కారు దగ్గర "పిచ్చిపిల్ల" అంది, తిట్టినట్టు మాత్రం లేదు. జూడోలో మొట్టమొదట నేర్పేది పడెయ్యడం కాదు, దెబ్బ తగలకుండా పడటమని చెప్తే, "గట్లనా?" అని పొయ్యి మంట తగ్గించి వచ్చి కూర్చుంది. పిల్ల వెంటనే ఫోన్ అందుకుని వీడియో పెట్టింది. మా అక్కవాళ్లది మగ్గం ఇల్లు. ఆట కన్నా ముందు ఆమె కళ్లు ఆ మందపాటి తెల్ల కోటు మీద పడ్డాయి.

"గంత గుంజుతున్నా చినుగుతలేదు, నూలేనా గది?" అంది. ఆగి, "ఎంతుంటదంట?"

పిల్ల అప్పటికే ధరలు వెతుకుతోంది.