తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: సీటీసీ మెట్లు ఎక్కే ముందు ఈ లెక్క వేసుకోండి

ఇవాళ్టి ఎపిసోడ్ పాతబస్తీ తమ్ముళ్ల కోసం. శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు ఉండి, సొంతంగా గేమింగ్ పీసీ బిల్డ్ చేద్దామని నెల నెలా పైసలు దాస్తున్నవాళ్ల కోసం అన్నమాట.

ఎక్కడికి వెళ్లాలో మీకు తెలిసిందే. ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్‌లో దిగుతాం. అక్కణ్నుంచి ఆటోలో పార్క్‌లేన్ వెళ్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. వెళ్లడం తేలికే. కానీ దాచిన పైసలు ఒక తప్పు పార్టు మీద పోతే మళ్లీ అంత కూడబెట్టడానికి నెలలు పడుతుంది. అందుకే ఇంట్లోనే కూర్చుని లెక్క వేసుకుని వెళ్దాం. ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి రూపాయల్లో చెప్పను. ఎలా ఎంచుకోవాలో చెప్తా.

మొదటి మాట: ముందు ఆట, తర్వాత పార్టు. మీరు ఆడేది వాలరెంట్, సీఎస్ 2 మాత్రమేనా? అయితే వెంటనే గ్రాఫిక్స్ కార్డు కొనక్కర్లేదు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడొచ్చు, కార్డు తర్వాత కొనొచ్చు. కానీ ఒక షరతు. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే స్టిక్ కాదు, 8 జీబీవి రెండు తీసుకోండి. రెండు దారుల్లో డేటా వెళ్తుంది, ఆటలో తేడా కళ్లకే కనపడుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇంటెల్‌లో ఐ3-12100ఎఫ్ అని ఉంటుంది. 4 కోర్లు, 8 థ్రెడ్లు, చవక బిల్డ్‌కి మంచి ప్రాసెసర్. కానీ చివర ఆ 'ఎఫ్' ఉంది చూశారా? లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు లేకుండా పెడితే స్క్రీన్ మీద బొమ్మే రాదు. రైజెన్ 5 5600 కూడా అంతే, 'జీ' లేదంటే గ్రాఫిక్స్ లేదు.

రెండో మాట: జీటీఏ 5 లాంటి పెద్ద ఆటలు 1080పిలో మంచిగా ఆడాలంటే బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. రంగుల లైట్ల క్యాబినెట్‌కి కాదు. ఆర్ఎక్స్ 6600 ఉదాహరణ తీసుకోండి: 8 జీబీ మెమరీ, 132 వాట్లు. పేరు చూసి దీనికి తమ్ముడనుకునే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీతో మాత్రం జాగ్రత్త. అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్లలోనే మాట్లాడుతుంది. బీ450, ఏ520 లాంటి బోర్డుల్లో పీసీఐఈ 3.0 మాత్రమే ఉంటుంది కాబట్టి దాని స్పీడు ఇంకా పడిపోతుంది.

మూడో మాట, అన్నిటికంటే ముఖ్యం: ఎస్ఎంపీఎస్. "క్యాబినెట్‌తో పాటు ఫ్రీ వస్తుంది భయ్యా, 450 వాట్లు" అంటారు. ఆ అంకెను నమ్మకండి, పక్కనున్న స్టిక్కర్ చదవండి. ప్రాసెసర్‌కీ కార్డుకీ కరెంటు ప్రధానంగా వచ్చేది 12 వోల్టుల లైన్ నుంచే. దాని కింద 16 ఆంపియర్లు అని ఉందనుకోండి. 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. మన ఆర్ఎక్స్ 6600కి 132, ప్రాసెసర్‌కి 65 కలిపితేనే 197. అప్పుడే దాటిపోయింది! ఆట మధ్యలో పీసీ ఆగిపోవడం ఇలాగే మొదలవుతుంది. ఖర్మ కాలితే పోయేటప్పుడు మదర్‌బోర్డునీ కార్డునీ తీసుకుపోతుంది. ఈ బిల్డ్‌కి 12 వోల్టుల లైన్‌లోనే 400 వాట్లకు పైగా ఇచ్చే, వారంటీ ఉన్న మంచి కంపెనీది తీసుకోండి. '80 ప్లస్' ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెప్తుంది, అంతే. అది భద్రతకి హామీ కాదు.

నాలుగో మాట: సెకండ్ హ్యాండ్ కార్డు. చవగ్గా దొరుకుతుంది, తప్పు లేదు. కానీ అక్కడే, మీ కళ్ల ముందే నడిపించి చూడండి. జీపీయూ-జెడ్ అనే ఫ్రీ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పాత ఎన్విడియా చిప్‌కి కొత్త పేరు పెట్టి అమ్మే నకిలీల్ని చాలావరకు పట్టుకుని, పేరు పక్కనే ఫేక్ అని చూపిస్తుంది. ఆర్ఎక్స్ 580 అయితే షేడర్ల సంఖ్య చూడండి. అసలు 580కి 2304 ఉంటాయి. 2048 కనపడితే అది చైనా మార్కెట్ కోసం 2018లో వచ్చిన వేరే రకం, పని ఆర్ఎక్స్ 570 అంత. 570 ధరే ఇవ్వండి. తర్వాత ఫర్‌మార్క్ పెట్టి ఒక పావుగంట నడపండి. స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వచ్చినా, పీసీ ఆగిపోయినా దండం పెట్టి బయటికి వచ్చేయండి.

ఇక మన ఇళ్ల సంగతి. గల్లీలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు, పై అంతస్తు రేకుల గది, మే నెలలో బయటే 40 డిగ్రీలు. ముందు భాగం మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది, గాలి మాత్రం ఆడదు. జాలీ ముందున్నది, కనీసం రెండు ఫ్యాన్లున్నది తీసుకోండి. కరెంటు పోయినప్పుడు పీసీ సరిగ్గా ఆపడానికి యూపీఎస్ కావాలి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360 వరకే. ఈ బిల్డ్‌కి, మానిటర్‌తో కలిపి, అది చాలు.

స్టోరేజీకి కనీసం 500 జీబీ ఎస్ఎస్‌డీ. ఒక్క జీటీఏ 5 పెడితేనే 80 జీబీ పైన పోతుంది.

చివరిగా బిల్లు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్నప్పుడు ఆగి ఆలోచించండి. ఆ 18 శాతం జీఎస్‌టీ మిగిలినట్టే ఉంటుంది, కానీ ఏడాది తర్వాత కార్డు చెడిపోతే సర్వీస్ సెంటర్‌లో అడిగేది ఆ కాగితమే. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పైసలు తక్కువ పడితే ముందు లైట్లు తీసేయండి, తర్వాత క్యాబినెట్ తగ్గించండి, కార్డు కూడా ఆరు నెలలు ఆపుకోవచ్చు. ఎస్ఎంపీఎస్ మాత్రం తగ్గించకండి. ఉంటా ఫ్రెండ్స్, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.