ఏప్రిల్ ఐదా, మే నాలుగా?

ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం ఉందనుకుందాం. 2024 ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది. ఆ రోజు రాసిన మొదటి బిల్లు మీద తేదీ 01-04-2024. నెలాఖరున బిల్లుల జాబితా సీఎస్‌వీ ఫైలుగా ఆడిటర్ దగ్గరికి వెళ్లింది. అక్కడి కంప్యూటర్లో ప్రాంతం అమెరికా అని ఉంది. ఎక్సెల్‌లో ఫైలు తెరవగానే ఆ బిల్లు తేదీ జనవరి 4 అయిపోయింది. అంటే ఆ చీర పాత ఆర్థిక సంవత్సరంలోనే అమ్ముడుపోయినట్టు లెక్క! 5వ తేదీ బిల్లేమో మే 4కు జరిగింది. కంప్యూటర్ ఒక్క హెచ్చరికా చేయదు. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు కాబట్టి దాని లెక్క ప్రకారం తప్పేమీ జరగలేదు.

13వ తేదీ నుంచి ఇంకో చిక్కు. పదమూడో నెల లేదు కాబట్టి 13-04-2024ను ఎక్సెల్ తేదీగా గుర్తించదు. వట్టి అక్షరాలుగా తీసుకుని గడిలో ఎడమ పక్కకు చేర్చి ఉంచుతుంది. తేదీల వరుసలో పేరిస్తే ఇలాంటివన్నీ అడుగున చేరతాయి. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడి పక్కన, కొన్ని ఎడమ పక్కన కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. రోజూ నెలా ఇలా తారుమారయ్యే తేదీలు ఏడాదికి 132. నెలకు 12 చొప్పున 144 వస్తాయి. వాటిలో 01-01, 02-02 లాంటి పన్నెండు తిరగేసినా మారవు.

లోపల ఉండేది ఒక సంఖ్యే

తేదీగా గుర్తించిన దాన్ని ఎక్సెల్ రోజుల లెక్కగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 దానికి ఒకటో రోజు. ఆ వరుసలో 2024 ఏప్రిల్ 1 సంఖ్య 45383. గంటలు దశాంశ భాగంలో ఉంటాయి. పట్టపగలు పన్నెండంటే 0.5, సాయంత్రం ఆరంటే 0.75. ఒకే చీరను ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా కట్టుకున్నట్టు, ఆ ఒక్క సంఖ్యనే ఒక్కో దేశపు సెట్టింగ్ ఒక్కో తీరుగా చూపిస్తుంది.

కాబట్టి సంఖ్యగా మారిపోయిన తేదీకి సెట్టింగ్ మార్చినంత మాత్రాన ప్రమాదం లేదు. రాత సంఖ్యగా మారే ఆ ఒక్క క్షణంలోనే ప్రమాదమంతా ఉంది. జనవరి 4గా లోపలికి వెళ్లిన ఏప్రిల్ 1, తర్వాత ప్రాంతాన్ని ఇండియాగా మార్చినా 04-01-2024 అనే కనిపిస్తుంది. అందుకే ముందు సెట్టింగ్, ఆ తర్వాతే ఫైలు. ఇప్పటికే తెరిచి ఉంటే సేవ్ చేయకుండా మూసేసి, ప్రాంతం సరిచేసి, అసలు ఫైలును మళ్లీ తెరవాలి.

పెనుకొండలో మూడు తీర్లు

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల తయారీ 2019లో మొదలైంది. మాతృసంస్థ ఉన్న దక్షిణ కొరియాలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. 05-04-06 అని క్లుప్తంగా రాస్తే మనకది 2006 ఏప్రిల్ 5, అమెరికాకు 2006 మే 4, కొరియాకు 2005 ఏప్రిల్ 6. ఈ గందరగోళం తీర్చడానికే 1988లో ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం తేదీని 2024-04-05 అని పెద్ద కొలత నుంచి చిన్న కొలతకు రాయాలి. ఇలా పేర్లు పెట్టిన ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి.

ఈ వరుస మన నేలకు కొత్తది కాదు. పెనుకొండ ఒకప్పుడు విజయనగర రాజధాని. ఆ కాలపు శాసనాల్లో సాధారణంగా ముందు శాలివాహన శక వర్షం, ఆపై సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం వస్తాయి. ఈ వివరాలన్నీ ఉన్నాయి కాబట్టే చరిత్రకారులు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా వాటిని నేటి తేదీల్లోకి మార్చగలుగుతున్నారు.

కామా, చుక్క

అంకెలకూ ఇదే కథ. పన్నెండున్నర లక్షలను మనం 12,50,000 అని రాస్తాం. అమెరికా సెట్టింగ్ దాన్నే 1,250,000 అని చూపిస్తుంది. విలువ మారదు, కానీ లక్షల్లో ఆలోచించేవారి కన్ను తడబడుతుంది. జర్మనీ సెట్టింగ్ ఇంకా ప్రమాదకరం. అక్కడ వేలను విడదీసేది చుక్క, దశాంశానికి గుర్తు కామా. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఒక రైతు తెచ్చిన గూళ్లు 85.500 కిలోలు తూగాయనుకోండి. ఆ సెట్టింగ్‌లో ఎనభై అయిదున్నర కిలోలు ఎనభై అయిదు వేల అయిదు వందల కిలోలవుతాయి.

ఏ ప్రాంతంలో ఏది ముందో, కామా ఎక్కడో, నెలల పేర్లేమిటో చెప్పే సమాచారాన్ని యూనికోడ్ కన్సార్టియం సీఎల్‌డీఆర్ అనే భాండాగారంలో ఉంచుతుంది. చాలా ఫోన్లు, కంప్యూటర్లు ఆధారపడేది దీనిమీదే. అందులో తెలుగూ ఉంది. మన నెలల పేర్లు, వారాల పేర్లు, లక్షలు కోట్లుగా విడదీసే పద్ధతి అన్నీ ఉన్నాయి. వాటిని వాడుకోవడమే మన పని.

మార్చుకునే దారి

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరవాలి. రీజనల్ ఫార్మాట్ దగ్గర ఇంగ్లిష్-ఇండియా గానీ తెలుగు-ఇండియా గానీ ఎంచుకోవాలి. తెర మీది భాష, కీబోర్డు, ఫార్మాట్ మూడూ వేర్వేరు సెట్టింగులు. మెనూలు ఇంగ్లిష్‌లో ఉంచుకుని తేదీలు, అంకెలు మాత్రం మన పద్ధతిలో పెట్టుకోవచ్చు. కామాలు ఒక్కటే మార్చాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్‌లో అడిషనల్ సెట్టింగ్స్ తెరిచి, డిజిట్ గ్రూపింగ్ దగ్గర 12,34,56,789 ఎంచుకోవాలి. తర్వాత ఎక్సెల్ మూసి మళ్లీ తెరవాలి. గూగుల్ షీట్స్‌లో ఈ ఎంపిక కంప్యూటర్‌ది కాదు, ఆ ఫైలుది. ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్ దగ్గర ఇండియా అని మార్చాలి.

గడియారం విషయంలో రెండింటిని వేరుగా చూడాలి. 6 పీఎం అనాలా, 18:00 అనాలా అన్నది ఫార్మాట్. మనం ఏ కాలమండలంలో ఉన్నామన్నది టైమ్ జోన్. ఇక్కడ ఉదయం తొమ్మిదైతే కొరియాలో మధ్యాహ్నం పన్నెండున్నర. జోన్ తప్పుగా ఉన్నప్పుడు గంటల ముల్లు చేత్తో జరిపితే తెర మీద సరిగ్గానే కనిపిస్తుంది గానీ లోపలి కాలం చెడుతుంది, మెయిళ్ల సమయాలు తప్పుతాయి. సరిచేయాల్సింది జోన్‌నే.

మన ఊళ్లలో కంప్యూటర్ నేర్పేవాళ్లు ఎక్సెల్‌లో కూడికల కంటే ముందు ఈ పాఠం చెప్పాలి. మనం చూసుకునే లెక్కలు మన పద్ధతిలో, లక్షల కామాలతో, రోజు ముందుగా ఉండాలి. ఊరు దాటే ఫైల్లో సంవత్సరాన్ని నాలుగంకెల్లో ముందు రాయాలి. ఈ రెండూ పాటిస్తే ధర్మవరం బిల్లు ఏ దేశంలో తెరిచినా ఏప్రిల్ 1 ఏప్రిల్ 1గానే ఉంటుంది.