డ్రమ్స్ గింగుర్లు తగ్గాలంటే డప్పు దగ్గర కూర్చోవాలి

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పల్లెల్లో, గూడేల్లో ఆదివారం ఆరాధనకైనా, అంబేద్కర్ జయంతి సభకైనా ఇప్పుడు డ్రమ్ కిట్ కావాల్సిందే. కుర్రాళ్లు తలా కొంత వేసుకుని కొంటారు. తీరా టామ్ మీద ఒక దెబ్బ వేస్తే 'గుంయ్'మంటూ రెండో దెబ్బ దాకా సాగుతుంది. మైకు దాన్ని ఇంకా పెంచుతుంది. పాటలోని మాట జనానికి వినపడదు. చవక కిట్ కదా, అంతేలే అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు తప్పు బిగింపులోనే ఉంటుంది. ఆ బిగింపు విద్య తెలిసినవాళ్లు మన గూడెంలోనే ఉన్నారు.

ముందు గింగురు ఎందుకొస్తుందో చూద్దాం. తీగను మీటితే మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలుండే పైస్వరాలు పుడతాయి. అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. గుండ్రటి పొర తీరు వేరు. దాని పైస్వరాలు 1.59, 2.14, 2.30 రెట్లు, ఇలా పొంతన లేకుండా ఉంటాయి. మృదంగం, తబలాల మధ్యలో పెట్టే నల్లటి ముద్ద ఈ పైస్వరాలను వరసలోకి తెస్తుందని సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో వివరించారు. మృదంగానికి తోలు కోసి, సాగదీసి, బిగించే చేతుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాశారు. ఆ చేతుల్లో ఎన్నో దళిత క్రైస్తవులవి. వాద్యానికి దక్కిన గౌరవం వాళ్లకు దక్కలేదు.

డప్పుకు నల్లముద్ద లేదు, బోల్టులు లేవు. దాని శృతి నిప్పులో ఉంది. సముద్రపు గాలి తేమకు తోలు సడలుతుంది. గడ్డిమంటకు కాస్తే తేమ పోయి బిగుస్తుంది. డప్పు కాచే మనిషిని గమనించండి. చట్రాన్ని తిప్పుతూ అన్ని వైపులా సమానంగా వేడి తగిలిస్తాడు. మధ్యమధ్య తట్టి వింటాడు. చాలనుకున్న చోట ఆపేస్తాడు, లేకపోతే తోలు పాడవుతుంది. డ్రమ్ కిట్‌కు కావలసిన పాఠాలు కూడా ఈ మూడే.

కిట్ మీద ఉండే ప్లాస్టిక్ స్కిన్ తేమ పీల్చదు, దానికి మంట అక్కర్లేదు. నిప్పు చేసే పని ఇక్కడ డ్రమ్ కీ చేస్తుంది. బోల్టులన్నీ వదులు చేసి, వేళ్లతో పట్టినంత బిగించండి. తర్వాత ఒక బోల్టు, దానికి సరిగ్గా ఎదురు బోల్టు, ఇలా జంటలుగా అరచుట్టు చొప్పున తిప్పండి. ప్రతి బోల్టు పక్కన, అంచుకు రెండంగుళాల లోపల పుల్లతో తట్టి వినండి. అన్నిచోట్లా ఒకే స్వరం పలకాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే శబ్దం ఊగుతుంది. కింది స్కిన్‌నూ ఇలాగే సరిచేయాలి. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి కనుక ఓ చుక్క నూనె వేస్తూ ఉండండి.

ఇంకా గింగురు మిగిలితే అప్పుడే మందం వేయాలి. అంచు దగ్గర చిన్న గుడ్డముక్క మడిచి టేపుతో అంటించండి. చాలకపోతే ఇంకొకటి. బేస్ డ్రమ్‌లో స్కిన్‌కు ఆనేలా ఒక దిండు పెట్టండి. టామ్ కొడితే స్నేర్ కింది తీగలు జరజరమంటే, రెండూ ఒకే స్వరంలో ఉన్నాయేమో చూసి ఒకదాన్ని కాస్త మార్చండి. మొత్తం స్కిన్ మీద దుప్పటి కప్పితే గింగురుతో పాటు డ్రమ్ గొంతూ పోతుంది. ఉత్త సిమెంటు గోడల గదిలో శబ్దం తిరిగి కొడుతుంటే తప్పు డ్రమ్‌ది కాదు. అక్కడ వెనక గోడకు చాపలు, పరదాలు కట్టాలి. ఆరుబయట సభకు మందం తగ్గించాలి, లేకపోతే దెబ్బ చివరి వరసకు చేరదు.

చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించుకున్న కాలంలోనే మన పెద్దలు ఈ విద్యను ఇంతదాకా తెచ్చారు. వెట్టిని కాదన్నాం, సరే. దానితో పాటు ఆ చెవిని, ఆ చేతిని కూడా వదులుకోనక్కర్లేదు. ప్రభుత్వం డప్పు కళాకారుడికి పింఛను ఇస్తోంది. అది అతని హక్కు. మనం మాత్రం అతన్ని లబ్ధిదారుడిగానే చూడొద్దు. ఈసారి యువజన శిక్షణా శిబిరం పెట్టినప్పుడు అతనికి గురువు కుర్చీ వేద్దాం, తగిన పారితోషికం ఇద్దాం. మన పిల్లలు డ్రమ్ కీ పట్టేముందు అతను డప్పు ఎలా కాస్తాడో చూడనిద్దాం.